ఆరు మీద ఉండాల్సిన రింగు

మా అటవీశాఖ దస్త్రాల్లో ఒక మనిషి చావు గురించి నాలుగు పేజీల నివేదిక ఉంది. అందులో నా వాంగ్మూలం ఉంది, కింద నా సంతకం ఉంది. ఆ నివేదిక ప్రకారం ఆ చావుకి కారణం చనిపోయినవాడే. అతను తాగి వచ్చాడనీ, చెప్పిన మాట వినలేదనీ అందులో రాశారు. అది అబద్ధం, ఆ అబద్ధం నిలబడింది నా వల్ల. రిటైరై రెండేళ్ళయ్యాక ఇది రాయడం ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన మీ కోసం. పెద్దవాళ్ళు అనుభవాలు చెబుతామని మొదలుపెడితే నెగ్గినవే చెబుతారు. వినీ వినీ మీకూ విసుగొచ్చి ఉంటుంది. నేను ఓడిపోయింది చెబుతాను.

నర్సీపట్నంలో పద్నాలుగేళ్ళు పనిచేశాను. ఏజెన్సీ కొండలు అక్కణ్ణించే మొదలవుతాయి కాబట్టి, దారి తప్పి కిందికి దిగిన ప్రతి జంతువూ ముందు మా ఆఫీసు ఫోనులోకే దిగేది. జీడితోటలో ఎలుగుబంటి, చెరుకుతోటలో అడవిదున్న, ఎవరి నేలబావిలోనో దుప్పి. మొదట్లో మా దగ్గర వలలూ, డబ్బాలూ, ధైర్యమూ తప్ప ఇంకేమీ ఉండేవి కావు. ఆ మూడోది కూడా అందరి దగ్గరా ఉండేది కాదు. తర్వాత మత్తు సూది కొట్టే తుపాకీ ఒకటి ఇచ్చి, నన్ను శిక్షణకి పంపారు. చిన్నప్పుడు రాళ్ళతో మామిడికాయలు రాల్చడం తప్ప నాకు వేరే అర్హత లేదు గానీ, గురి బాగానే కుదిరింది. ఆఫీసులో అందరూ షూటర్ గారు అనడం మొదలుపెట్టారు. ఆ పిలుపు నాకు బాగానే ఉండేదని ఒప్పుకోవాలి.

ఆ తుపాకీ గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు, కాస్త ఓర్చుకోండి. అది గుండు పేల్చదు, గ్యాసు ఒత్తిడితో సిరంజిని విసురుతుంది. సిరంజి బరువు, దాని పరుగు నెమ్మది. పోతూ పోతూ కిందికి దిగిపోతుంది. నలభై మీటర్ల దూరంలో ఉన్న జంతువు తొడకి సూటిగా గురిపెడితే గిట్టల దగ్గర పడుతుంది. అందుకని గొట్టం పైకెత్తి కొట్టాలి. ఎంత పైకి అన్నది తుపాకీ మీది స్కోపు చెబుతుంది. దానిలోంచి చూస్తే ఒక అడ్డగీత, ఒక నిలువుగీత కనిపిస్తాయి. నిలువుగీత కింది సగంలో మెట్లలా చిన్న చిన్న గీతలుంటాయి. దూరం పెరిగే కొద్దీ ఇంకా కింది గీతని జంతువు తొడ మీద పెట్టాలి, గొట్టం దానంతటదే లేస్తుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, స్కోపు మీద మూడు నుంచి తొమ్మిది దాకా అంకెలున్న రింగు ఒకటి ఉంటుంది. తిప్పితే బొమ్మ పెద్దదవుతుంది, కానీ గీతలు పెద్దవి కావు. చెయ్యి చాపి వేలితో దూరంగా ఉన్న కొండని కప్పి చూడండి. అదే కొండ దగ్గరికొస్తే అదే వేలు అందులో కొంచెమే కప్పుతుంది. అలాగే ఆరు మీద నలభై మీటర్లకి సరిపోయిన గీత, తొమ్మిది మీద సరిపోదు, సూది కిందికి పోతుంది. మూడు మీదైతే వీపు పైనుంచి పోతుంది. బొమ్మతోపాటు గీతలు కూడా పెరిగే స్కోపులు ఇప్పుడు ఉన్నాయి. మాది ఆ రకం కాదు. అందుకని మేం అన్నీ ఆరు అంకె మీదే లెక్క కట్టుకున్నాం. ఆఫీసు వెనకాల ఊక కూరిన గోనెసంచి వేలాడదీసి, సిరంజిల్లో నీళ్ళు నింపి రెండు నెలలు కొట్టాం. ఏ దూరానికి ఏ గీతో అట్టముక్క మీద రాసి తుపాకీ మడమకి అంటించాను.

ఆ గోనెసంచి కట్టినదీ, ప్రతి సిరంజినీ ఏరుకొచ్చి చేతికిచ్చినదీ మా వాచరు. కొండ మీది మనిషి, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. ఉద్యోగం పర్మనెంటు కాదు. జంతువు నడిచిన తోవ చూసి అది ఆకలితో ఉందో భయంతో ఉందో చెప్పేవాడు. చదువు మాత్రం లేదు. రింగు ఆరు మీద ఉండాలని నేను పదిసార్లు చెబితే, ఒకరోజు విసుక్కున్నాడు.

"ఆరో ఏడో నాకెలాగ తెలుస్తాది బాబూ. ఒక గురుతు ఎట్టుకోవాల."

ఆ గుర్తు కూడా తనే తెచ్చాడు. వాళ్ళ ఊరివాళ్ళు అంకుడు కర్ర ఏటికొప్పాక బొమ్మల వాళ్ళకి పంపేవారు. ఆ పరిచయంతో అక్కణ్ణించి వేలెడంత ఎర్రలక్క ముక్క పట్టుకొచ్చి, అగ్గిపుల్లతో మెత్తబరిచి, రింగు మీద ఒక చుక్క, దాని ఎదురుగా స్కోపు గొట్టం మీద ఒక చుక్క పెట్టాడు. రెండు చుక్కలూ కలిస్తే ఆరు. ఖరీదైన స్కోపు దగ్గర అగ్గిపుల్ల గీశాడని మా పశువైద్యుడు గట్టిగానే కేకలేశాడు. మందు కలిపి సిరంజి నింపేది ఆ డాక్టరుగారే కాబట్టి ఆయన మాట మాకు శాసనం. కానీ చుక్కలు పనికొస్తున్నాయని చూశాక ఆయనా ఊరుకున్నాడు.

అప్పట్నుంచి మాకొక పద్ధతి అలవాటైంది. నేను తుపాకీ భుజానికెత్తగానే వాచరు నా వెనక్కి వచ్చి, రెండు చుక్కలూ కలిశాయో లేదో చూసి, నా భుజం మీద ఒకసారి తట్టేవాడు. అతను తట్టకుండా నేను ట్రిగ్గరు మీద వేలు పెట్టేవాణ్ణి కాదు. ఏ పుస్తకంలోనూ లేని పద్ధతి అది. మా రేంజరుగారు ఒకసారి చూసి, ఏమిటయ్యా ఈ దీవెనలు అని నవ్వారు.

అతని గురించి ఇంకో సంగతి మీకు తెలియాలి. ఒకప్పుడు బాగా తాగేవాడు. కొండ మీద జీలుగు కల్లు కాలంలో ఇంటికి దారి కూడా మర్చిపోయేవాడట. ఒకసారి పొంగుతున్న కొండవాగులో, వాళ్ళ గెడ్డలో, పడి చావు తప్పించుకున్నాక, పెళ్ళాం అతని చేత కూతురి నెత్తిమీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించింది. అంతే, మానేశాడు. ఎవరైనా బదిలీ అయినప్పుడు మేం విందు చేసుకుంటే, అతను సోడా సీసా పట్టుకుని మూల కూర్చునేవాడు. మేం ఆటపట్టించేవాళ్ళం. అందరికంటే ఎక్కువ నేనే ఆటపట్టించాను.

ఆ రోజు అడవిదున్న దిగింది రావికమతం వైపు. మందలోంచి విడిపోయి రెండు రోజులుగా ఒక చెరుకుతోటలో ఉంది. పొద్దున్న ఆరింటికి నర్సీపట్నం బస్టాండు ఎదురుగా నేనూ వాచరూ టీ తాగాం, ఇద్దరం ఒకే జీపులో వెళ్ళాం. ఆ తర్వాత మూడు గంటలూ అతను నా కళ్ళముందే ఉన్నాడు. ఇది గుర్తుపెట్టుకోండి.

తోటకి ఒక పక్క రోడ్డు. రోడ్డు మీద తిరునాళ్ళకి వచ్చినట్టు జనం. పిల్లల్ని చంకనెత్తుకున్న ఆడవాళ్ళు, సెల్‌ఫోన్లు పైకెత్తిన కుర్రాళ్ళు, పంట పోతోందని మా మీద మండిపడుతున్న రైతులు. రెండో పక్క జీడితోట, దాని వెనక కొండ. సూది తగిలాక కూడా అంత పెద్ద జంతువు కొన్ని నిమిషాలు పరిగెడుతుంది. అది రోడ్డు వైపు రాకుండా, తోట మూల గట్టు మీద ఒక మనిషి నిలబడి, డబ్బా కొట్టి జీడితోటలోకి మళ్ళించాలి. మామూలుగా ఆ పనికి వేరే ఇద్దరుండేవాళ్ళు. ఆ రోజు వాళ్ళని జనాన్ని ఆపడానికి పెట్టాం. రేంజరుగారికి పైనుంచి ఫోను మీద ఫోను. ఎంతసేపండీ అని నన్ను నాలుగోసారి అడిగారు.

నేను వాచరుతో ఆ మూల గట్టు మీదికి వెళ్ళి నిలబడమన్నాను. అటు వస్తే మళ్ళించు, ఏమైనా అక్కణ్ణించి కదలకు అన్నాను. అతను తుపాకీ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"మరి నీ ఎనకాల ఎవులుంటారు బాబూ?"

"నేను చూసుకుంటాలే. బేగి వెళ్ళు."

డబ్బా తీసుకుని వెళ్ళాడు.

కాసేపటికి దున్న చెరుకు అంచుకి వచ్చి నిలబడింది. నలభై మీటర్లు. డాక్టరుగారు నా చెవిలో, ఇది ఆడది, పొట్ట పెద్దదిగా ఉంది, చూడుతో ఉందేమో పొదుగు చూసి చెప్పండి, మందు దాన్నిబట్టి ఉంటుంది అన్నారు. సరిగ్గా కనిపించలేదు. రింగు తొమ్మిదికి తిప్పాను. అప్పుడు అన్నీ కనిపించాయి. పొదుగు కనిపించింది, కంటి మీద వాలిన ఈగ కూడా కనిపించింది. చూడు లేదని చెప్పాను. ఆయన సిరంజి ఎక్కించి ఇచ్చారు. అప్పుడే రోడ్డు మీద ఎవడో ఈల వేశాడు. దున్న తల ఎత్తింది, ఇక వెళ్ళిపోతుంది అనిపించింది. నలభై మీటర్లకి మూడో గీత అని రెండు నెలలు నేర్చుకున్న చెయ్యి, మూడో గీతని తొడ మీద పెట్టేసింది. భుజం మీద తట్టు లేదు. అతన్ని పంపింది నేనే కదా, ఎలా ఉంటుంది. కొట్టాను.

సూది తొడకి చాలా కిందగా, గిట్ట పైన ఎముకకి తగిలి ఎగిరి పడింది. మందు ఒక్క చుక్క కూడా లోపలికి వెళ్ళలేదు. నొప్పికి బెదిరిన దున్న సూటిగా మూల గట్టు వైపు దూకింది. వాచరు డబ్బా కొట్టాడు, అరిచాడు. అది మళ్ళలేదు. అతని కుడిపక్క నీళ్ళకాలవ ఉంది, దూకితే బతికేవాడు. కానీ వెనక రోడ్డు మీద ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారు. ఇంకా గట్టిగా డబ్బా కొట్టాడు. కదలకు అన్నాను, కదల్లేదు. అతన్ని కుమ్మేసి, ఆ తర్వాతే అది జీడితోటలోకి తిరిగి కొండెక్కిపోయింది. రోడ్డు మీద ఎవరికీ గీత కూడా పడలేదు.

జీపులో అతని తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. సగం దారిలో కళ్ళు తెరిచాడు.

"తగిలిందా బాబూ?"

సూది గురించి అడుగుతున్నాడు. తగిలిందన్నాను. తల ఆడించాడు. నర్సీపట్నం ఆసుపత్రి ఇంకా రెండు కిలోమీటర్లుందనగా పోయాడు. అతనితో నేను ఆడిన ఆఖరి మాట కూడా అబద్ధమే.

ఆ సాయంత్రం తుపాకీ తుడిచి పెట్టెలో పెట్టబోతే చుక్కలు కనిపించాయి. రెంటికీ మధ్య వేలు పట్టేంత ఎడం. రింగు తొమ్మిది మీద ఉంది. అప్పుడు అర్థమైంది. స్టోరు గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. రింగుని ఆరు మీదికి తిప్పి, పెట్టెకి తాళం వేశాను.

ఏమీ ఆలోచించకుండా తిప్పేశానని చెబితే నమ్మకండి. అన్నీ ఆలోచించాను. ప్రమోషన్ల జాబితా గురించి ఆలోచించాను, ఇంట్లోవాళ్ళకి ఏం చెప్పాలా అని ఆలోచించాను, షూటర్ గారు అనే పిలుపు గురించి కూడా ఆలోచించాను. పొలంలో చేసినది పొరపాటు. పొరపాటు మీరూ చేస్తారు, ఎంత జాగ్రత్తపడినా ఏదో ఒకరోజు చేస్తారు. స్టోరు గదిలో చేసినది పొరపాటు కాదు.

నాలుగో రోజు విచారణకి వచ్చినవాళ్ళు పెట్టె తెరిపించారు. రింగు ఆరు మీద ఉంది. గోనెసంచిని కొట్టి చూపమన్నారు, కొట్టాను, సూది మధ్యలో దిగింది. డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, ఆ రోజు మీరు రింగు తిప్పి చూశారు కదా, మళ్ళీ వెనక్కి తిప్పారా అని అడిగారు. తిప్పానండీ అన్నాను. ఆయన నా మొహంలోకి చూశారు. ఇంకేమీ అడగలేదు, ఆ తర్వాత నాతో పనికి మించి మాట్లాడలేదు.

తుపాకీ బాగుంది, కొట్టినవాడు బాగా కొడతాడు, అయినా మనిషి పోయాడు. ఎవరో ఒకరిది తప్పు కావాలి కదా. గుంపులో ఇద్దరు ముగ్గురు అతను ఊగుతూ గంతులు వేశాడని, తాగి ఉంటాడని అన్నారు. దున్నని మళ్ళించడానికి వేసిన గంతులవి. పాత అలవాటు సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. రేంజరుగారు నన్ను, మీ జీపులోనే వచ్చాడు కదా, వాసన ఏమైనా వచ్చిందా అని అడిగారు. లేదు అని ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ లేదంటే తర్వాతి ప్రశ్న తుపాకీ మీదికి వస్తుందని భయం.

"నేను గమనించలేదండీ" అన్నాను.

అది చాలు వాళ్ళకి. శవపరీక్ష కాగితాలు వచ్చేలోపే నివేదిక తయారైంది. మద్యం సేవించి ఉండవచ్చుననీ, సూచించిన స్థలం దాటి ముందుకు వెళ్ళాడనీ రాశారు. చదివి సంతకం పెట్టాను.

తర్వాత కళ్ళు సరిగ్గా ఆనడం లేదని చెప్పి తుపాకీ వదిలేశాను. ప్రమోషన్ వచ్చింది. వాచరు ఊరికి వెళ్ళాల్సిన పని పడితే ఇంకొకర్ని పంపేవాణ్ణి. వాళ్ళావిడ ఒక్కసారి కూడా ఆఫీసుకి రాలేదు. మన మీద కోపం కాబోలు అనుకుని, ఆ కోపానికి లోలోపల సంతోషించాను. ఎవరో ఒకరు నన్ను తిట్టుకుంటున్నారంటే కాస్త తేలిగ్గా ఉండేది.

రిటైరయ్యాక, ఆఫీసుకి కొత్త తుపాకీ వచ్చింది, ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలకి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. వెళ్ళాను. రింగు గురించి గంటసేపు చెప్పాను. చూడటానికి తిప్పిన చెయ్యి, కొట్టే ముందు వెనక్కి తిప్పాలని చెప్పాను. ఒక బీట్ ఆఫీసరమ్మాయి లేచి, మీరెప్పుడైనా మర్చిపోయారా సార్ అని అడిగింది. మర్యాదగానే అడిగింది, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. లేదమ్మా అన్నాను. ఎనిమిదేళ్ళ తర్వాత, నన్ను అడిగేవాడూ శిక్షించేవాడూ ఎవడూ లేని చోట, మళ్ళీ అదే అబద్ధం. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ వారంలోనే జరిగినదంతా రాసి ఆఫీసులో ఇచ్చాను. పరిశీలిస్తామన్నారు, ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు. ఆ కాగితం ఇచ్చిన మర్నాడు కొండ బస్సు ఎక్కాను.

బస్సు దిగి ఆటో, ఆటో దిగి నడక. వాళ్ళావిడ వాకిట్లో కూర్చుని అడ్డాకులు కుడుతోంది. నన్ను గుర్తుపట్టి పీట వేసింది. ఇంట్లో గోడకి కూతురి పెళ్ళి ఫొటో ఉంది, అతని ఫొటో ఎక్కడా లేదు. నేను పీట మీద కూర్చోలేదు. దారంతా కూడగట్టుకున్న మాటల్ని నిలబడే చెప్పాను. రింగు గురించి, చుక్కల గురించి, నేను చేసిన తప్పు గురించి, దాచిన తప్పు గురించి. తిడుతుందనుకున్నాను, మట్టి ఎత్తి పోస్తుందనుకున్నాను. దానికి సిద్ధపడే వెళ్ళాను. ఆవిడ ఆకులు కుడుతూనే వింది. అంతా అయ్యాక పుల్ల కింద పెట్టింది.

"అయ్యన్నీ నాకు తెల్దు బాబూ. ఆ పొద్దు ఆడు తాగినాడా, నేదా? అదొక్కటి సెప్పు."

"తాగలేదమ్మా. టీ తాగాడు, నాతోనే."

"ఒట్టు తప్పనేదు?"

"తప్పలేదు."

ఆవిడ ఒళ్ళోని ఆకులు కింద పెట్టింది. కూతురి నెత్తిమీద పెట్టిన ఒట్టు తప్పినాడని తను ఏడవలేదని చెప్పింది. శవం వాకిట్లో ఉన్నా ఏడవలేదట. కూతురికి ఏ చిన్న జబ్బు చేసినా అతన్నే తిట్టుకుందట. ఫొటో కట్టిస్తామంటే వద్దందట. ఇవన్నీ నా మీద కోపంతో చెప్పలేదు, నన్ను అసలు లెక్కలోకే తీసుకోలేదు. లేచి వీధిలోకి వెళ్ళి చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళని పిలిచింది. పది పదిహేను మంది వచ్చారు. నన్ను ముందుకి రమ్మంది.

నేను మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టాను. తుపాకీ మీద ఒక రింగు ఉంటుందని అంటుండగానే ఆవిడ నా మోచేయి పట్టుకుని ఆపింది.

"తుపాకీ ఊసొద్దు బాబూ. ఆ మాట సెప్పు."

"ఆ రోజు అతను తాగలేదు" అన్నాను. "నిలబడమన్న చోటే నిలబడ్డాడు. కదల్లేదు."

ఒక ముసలాయన తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆవిడ మెల్లగా నేల మీద కూలబడి, మొగుణ్ణి పిలుస్తూ ఏడవడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళంతా వచ్చి, చావు ఆ రోజే జరిగినట్టు, ఆవిడ చుట్టూ కూర్చున్నారు.